ఆర్కన్సా ఎలా ఉంటుంది? ఏడేళ్లు ఉన్నదాన్ని, నాకు తెలిసింది చెబుతాను

మీ వారికి అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో ఉద్యోగం వచ్చిందనీ, పాపతో వెళ్తున్నామనీ, అక్కడి వాతావరణం, చూడాల్సినవి, చరిత్ర చెప్పమనీ అడిగారు. ముందు పేరు సంగతి. Arkansas అని రాసినా చివరి ‘స్’ పలకరు, ‘ఆర్కన్సా’ అనాలి. దీనిమీద 1881లో అక్కడి శాసనసభ తీర్మానమే చేసింది.

ఎండలు మనకు కొత్త కాదు. జులైలో 32, 33 డిగ్రీలు ఉంటుంది, ఉక్క మాత్రం బాగా పోస్తుంది. చలికాలంలో మంచు కంటే గడ్డకట్టే వాన ప్రమాదం. రోడ్డు తడిగా ఉందనుకుంటాం, నిజానికి గాజుపలకలా ఉంటుంది. ఆ రోజు కారు తీయకండి. అక్టోబర్ చివర్లో ఓజార్క్ కొండల మీద ఆకులు రంగు మారతాయి, అప్పుడు బఫెలో నది వైపు వెళ్లి తీరాలి.

అసలు టెన్షన్ టోర్నడోలది, అంటే ఇళ్లనే ఎగరగొట్టే సుడిగాలులది. ఫోన్‌కు వచ్చే హెచ్చరికల్లో వాచ్ అంటే రావచ్చని, వార్నింగ్ అంటే వచ్చేసిందని. 2024 మే 26న ఇంకా తెల్లవారకముందే ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. బాబును ఎత్తుకుని కిటికీ లేని బాత్రూంలోకి దూరి, పైన పరుపు కప్పుకుని కూర్చున్నాం. పొద్దున చూస్తే వీధిలో చెట్లన్నీ వేళ్లతో సహా పడి ఉన్నాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఇల్లు చూసేటప్పుడు లోపల ఎక్కడ దాక్కోవచ్చో ముందే చూసుకోండి. అక్కడ బూట్లు, టార్చి ఉంచండి.

వాల్‌మార్ట్ మొదటి దుకాణం 1962లో పక్క ఊరు రోజర్స్‌లోనే పెట్టారు. ఆ కంపెనీ వల్లే మనవాళ్లు ఇన్ని కుటుంబాలు అక్కడున్నారు. క్రిస్టల్ బ్రిడ్జెస్ ఆర్ట్ మ్యూజియం టికెట్ లేకుండా చూడొచ్చు. హాట్ స్ప్రింగ్స్‌లో వేడినీటి స్నానశాలలు ఉన్నాయి. మర్‌ఫ్రీస్‌బరో దగ్గర వజ్రాల పార్కు పాపకు నచ్చుతుంది. మన కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరికి వజ్రాలు వెతికినట్టే దున్నిన నేలలో వెతుక్కోవాలి, దొరికితే మీదే.

చాలామంది ఇంతటితో ఆగిపోతారు. దయచేసి మూడు గంటలు ప్రయాణం చేసి రాష్ట్ర రాజధాని లిటిల్ రాక్ వెళ్లండి. అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన అక్కడి సెంట్రల్ హైస్కూల్‌లో వాళ్లతో కలిసి చదవడానికి 1957 సెప్టెంబర్‌లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు వచ్చారు. గవర్నర్ ఫాబస్ సాయుధ గార్డులతో అడ్డుకున్నాడు. అందరూ కలిసి వెళ్దామని మిగతావాళ్లకు కబురు అందింది. ఇంట్లో ఫోన్ లేక పదిహేనేళ్ల ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్‌కు మాత్రం అందలేదు. ఇంట్లో కుట్టుకున్న గౌను వేసుకుని ఒక్కతే వచ్చింది. గార్డులు దారివ్వలేదు, వెనక జనం తిడుతున్నారు. నడుచుకుంటూ వెళ్లి బస్సు బెంచీ మీద కూర్చుంది. చివరికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపితేగానీ పిల్లలు లోపల చదువుకోలేకపోయారు. కలిసి చదవనివ్వకూడదని మరుసటి ఏడాది ఊళ్లో హైస్కూళ్లే మూసేశారు. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది. ఎదురుగా ఉన్న సందర్శకుల కేంద్రంలో ఆనాటి ఫోటోల ముందు నిలబడి నేను ఏడ్చేశాను. అమెరికా అంటే నాకు అప్పటిదాకా ఆఫీసు, ఇల్లు, అంతే.

అక్కడి నుంచి గంట దూరంలో వరి పొలాల ఊరు స్టుట్‌గార్ట్ ఉంది. అమెరికాలో పండే బియ్యంలో దాదాపు సగం ఆర్కన్సాదే. మాది తణుకు దగ్గర పల్లె. నాన్న వచ్చినప్పుడు జులై చివర్లో అటు తీసుకెళ్లాను. నాట్లు వేయరనీ, యంత్రంతో విత్తి, యూరియా విమానంతో చల్లుతారనీ చెబితే నమ్మలేదు. కారు ఆపమని, రోడ్డు పక్కన మడి అంచున కూర్చుని ఒక కంకి వేళ్ల మధ్య నలిపి చూశారు. ‘పాలు పోసుకుంది, ఇంకో నెలలో కోతకొస్తుంది’ అన్నారు.