కార్బ్ బండికి సూపర్‌ఛార్జరా, ఇంజెక్షనా? రెండూ చేసినవాడిగా చెప్తున్నా

మీది 1966 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), రెండు ఎస్‌యూ కంపెనీ కార్బ్‌లు (పెట్రోల్‌ని గాలిలో కలిపే కార్బ్యురేటర్లు), పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి ఏడిపిస్తోంది, ఎండలో కాసేపు ఆపి మళ్ళీ తీస్తే వణికి ఆగిపోతోంది, ఎత్తు రోడ్డు మీద లాగట్లేదు, అందుకని సూపర్‌ఛార్జర్ (ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో తోసేది, దీన్నే బ్లోయర్ అంటాం) పెట్టాలా లేక కార్బ్‌లు పీకేసి ఇంజెక్షన్‌కి (కంప్యూటర్ లెక్కకట్టి పెట్రోల్ చిమ్మే పద్ధతి) మార్చాలా అని అడిగారు. నాదీ ఎంజీబీనే, అదే 1798 సీసీ ఇంజన్, నేను ముందు సూపర్‌ఛార్జర్ పెట్టి ఒక పిస్టన్ పోగొట్టుకుని ఆ తర్వాత ఇంజెక్షన్‌కి వెళ్ళా, అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నా.

ముందు ఒక మాట. మీరు చెప్పిన మూడు బాధల్లో రెండిటికి పవర్‌తో సంబంధమే లేదండీ. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వకపోవడం, వేడెక్కాక ఆగిపోవడం ఇవి పెట్రోల్ కొలత సమస్యలు, సూపర్‌ఛార్జర్ పెడితే ఆ రెండూ అలాగే ఉంటాయి, ఇంకా కొంచెం పెరుగుతాయి కూడా. అలాగని ఇంజెక్షన్ పెట్టగానే బండి ఎగిరిపోతుందనీ అనుకోవద్దు, ఇంజన్ పీల్చే గాలి అంతే కాబట్టి పవర్ పెద్దగా మారదు. గాలి ఎక్కువ తోసేది బ్లోయర్ ఒక్కటే. 6 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) బూస్ట్, అంటే బ్లోయర్ అదనంగా ఇచ్చే ఒత్తిడి, మామూలు వాతావరణ ఒత్తిడి 14.7 మీద దాదాపు 40 శాతం ఎక్కువ, గాలి వేడెక్కడం వల్ల అందులో కొంత పోతుంది గానీ మిగిలింది కూడా తక్కువేం కాదు. మొదటిసారి ఎత్తు రోడ్డు మీద టాప్ గేర్లోనే ఎక్కేసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది.

నేను పెట్టింది రూట్స్ రకం (రెండు రోటర్లు తిరిగి గాలి తోసేది) బ్లోయర్, దాని ముందు ఒకే ఒక పెద్ద ఎస్‌యూ. అంటే కార్బ్ నుంచి మిక్స్చర్‌ని (పెట్రోల్ కలిసిన గాలిని) బ్లోయర్ లాక్కుని ఇంజన్లోకి తోస్తుంది. ఈ పద్ధతిలో సుఖం ఏంటంటే కార్బ్‌కి బూస్ట్ అసలు తగలదు, అది ఎప్పట్లాగే పీల్పుకి తన లోపలి పిస్టన్ లేపి పనిచేసుకుంటుంది, నీడిల్ (పెట్రోల్ కొలిచే సూది) మాత్రం రిచ్‌ది, అంటే పెట్రోల్ ఎక్కువ వదిలేది వెయ్యాలి. బ్లోయర్ గాలిని కార్బ్‌లోకి తోసే రెండో పద్ధతిలో అయితే ఫ్లోట్ బౌల్‌కి (కార్బ్ పక్కన పెట్రోల్ నిలవుండే గిన్నె) కూడా బూస్ట్ ఇవ్వాలి, పెట్రోల్ ప్రెషర్ బూస్ట్‌తో పాటు అంతే పెరగాలి, లేకపోతే బౌల్లోకి పెట్రోల్ రాదు, పాత స్పిండిల్ (థ్రాటిల్ తిప్పే ఇరుసు) పక్కనుంచి మిక్స్చర్ బయటికి కారుతుంది. నేను పెట్టిన పద్ధతికి ఉన్న లోటు ఇంటర్‌కూలర్ (వేడెక్కిన గాలిని చల్లబరిచేది) పెట్టలేకపోవడం, ఎందుకంటే అక్కడ పోయేది ఒట్టి గాలి కాదు, పెట్రోల్ కలిసిన గాలి.

ఇక పిస్టన్ ఎలా పోయిందంటే. పెట్రోల్ పంపు పాతదే ఉంచేశా, డిస్ట్రిబ్యూటర్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ ఎప్పుడు కొట్టాలన్నది) కూడా ముట్టుకోలేదు. ఊళ్ళో బాగానే తిరిగింది. ఒకరోజు పొడుగాటి ఎత్తు మీద ఫుల్ థ్రాటిల్‌లో పోతుంటే సన్నగా గలగలమని సౌండ్ వచ్చింది, ఏదో లూజైందిలే అనుకుని తొక్కుతూనే పోయా, పైకెళ్ళేసరికి వెనక నీలం పొగ. హెడ్ విప్పి చూస్తే నాలుగో పిస్టన్‌కి రింగుల మధ్య గట్టు విరిగిపోయి ఉంది. అంతసేపు ఫుల్‌గా తాగుతుంటే పంపు అందించలేక బౌల్ ఖాళీ అయిపోయింది, మిక్స్చర్ లీన్ అయింది (పెట్రోల్ తగ్గింది), టైమింగ్ ముందుకుంది, కంప్రెషన్ రేషియో 8.8, నాకింగ్ (మిక్స్చర్ తనంతట తానే పేలడం) రాక ఏమొస్తుంది. ఆ గలగల వినగానే కాలు తీసేసి ఉంటే పిస్టన్ మిగిలేది, ఇప్పటికీ బాధే నాకు. తర్వాత కొత్త పంపు వేసి, ఒక్కో పీఎస్ఐకి దాదాపు ఒక డిగ్రీ చొప్పున టైమింగ్ వెనక్కి తీసి, ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి చూపించేది) పెట్టి బూస్ట్‌లో ఆ నిష్పత్తి 12 దాటకుండా నీడిల్ మార్చుకున్నా. ఆ మీటర్ లేకుండా బూస్ట్ జోలికి దయచేసి వెళ్ళకండి.

ఇంజెక్షన్ విషయంలో మన ఇంజన్‌కి ఒక చిక్కుంది, చాలామంది కొన్నాక తెలుసుకుంటారు. 1, 2 సిలిండర్లకి కలిపి ఒకే ఇన్‌టేక్ పోర్ట్ (మిక్స్చర్ లోపలికెళ్ళే దారి), 3, 4కి ఇంకోటి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2 కాబట్టి ప్రతి జతలో లోపలి సిలిండర్ ముందు పీలుస్తుంది, వెంటనే బయటిది, తర్వాత చాలాసేపు ఖాళీ. ఆ ఖాళీలో పోర్ట్‌లో కొట్టిన పెట్రోల్ అంతా లోపలి సిలిండరే తాగేస్తుంది, బయటిది లీన్ అవుతుంది, మీటర్ చూస్తే మాత్రం సగటు చక్కగా కనిపిస్తుంది. మినీ కారు ఇంజన్‌కీ ఇదే పోర్ట్ గొడవ, కంపెనీ వాళ్ళే 1991లో ఒకే ఇంజెక్టర్‌తో మొదలుపెట్టి 1996లో గానీ రెండు ఇంజెక్టర్లకి వెళ్ళలేదు. అందుకే నేను కార్బ్ స్థానంలో థ్రాటిల్ బాడీ (గాలి దారి తెరిచి మూసే భాగం) పెట్టి అక్కడే పెట్రోల్ కొట్టించా, మిక్స్చర్ కలవడానికి దూరం దొరుకుతుంది.

అసలు పనంతా వైరింగ్, ట్యాంక్ దగ్గరే ఉంటది. మీ 1966 బండి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది), కరెంటు ఇచ్చేది పాత డైనమో. ముందు నెగెటివ్ ఎర్త్‌కి మార్చి ఆల్టర్నేటర్ వెయ్యాలి, ఐడిల్‌లో డైనమో ఇచ్చే కరెంటు పంపుకీ ఈసీయూకీ (ఇంజెక్షన్ నడిపే కంప్యూటర్) చాలదు. పాత పంపు 3 పీఎస్ఐ చుట్టూ ఇస్తుంది, ఇంజెక్షన్‌కి మామూలుగా 40 పైనే కావాలి, అంటే పాత రబ్బరు గొట్టాలన్నీ తీసెయ్యాలి, మిగిలిన పెట్రోల్ ట్యాంక్‌కి వెళ్ళే రిటర్న్ లైన్ వెయ్యాలి, మలుపుల్లో పంపు గాలి పీల్చకుండా ట్యాంక్‌లో ఏర్పాటు చెయ్యాలి. ప్లగ్ వైర్లు రెసిస్టెన్స్ ఉన్నవే వాడండి, మామూలు రాగి తీగలతో నా ఈసీయూ పిచ్చి పిచ్చిగా రీడింగ్‌లు చూపించింది.

మీ సంగతికి వస్తే రెండూ ఇప్పుడే కొనకండి. మన బండిలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఒకే పక్కన ఉంటాయి, కార్బ్‌లు వేడి మీదే కూర్చుంటాయి, హీట్ షీల్డ్ మీద ఇన్సులేషన్ ఊడిపోతే ఆపిన తర్వాత పెట్రోల్ లోపలే మరుగుతుంది, మీ రెండో బాధ అదే కావచ్చు. ఐడిల్‌లో ఉంచి థ్రాటిల్ స్పిండిల్ చివర్ల దగ్గర కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టండి, ఎగ్జాస్ట్ వేడిగా ఉంటే నిప్పు అంటుకుంటుంది, కాబట్టి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చెయ్యండి. ఆర్‌పీఎం మారితే స్పిండిల్ అరిగి గాలి లాగుతున్నట్టే. డాష్‌పాట్‌లో (కార్బ్ పైనుండే గొట్టం) ఆయిల్ ఉందో లేదో చూడండి. ఇవన్నీ సరిచేశాక కూడా ఎత్తులో లాగకపోతే అప్పుడు బ్లోయర్ గురించి ఆలోచించండి. ఎప్పటికైనా రెండూ పెట్టే ఉద్దేశం ఉంటే మాత్రం ఇంజెక్షనే ముందు, బూస్ట్ కొలిచే సెన్సర్‌తో సహా.

నాలుగు సిలిండర్ల కంప్రెషన్ ప్రెషర్ కొలిచి, స్పిండిల్ దగ్గర ఏం తేలిందో, ఇప్పుడు ఏ నీడిల్ ఉందో చెప్పండి, అక్కణ్ణించి చూద్దాం.