బెర్నీస్ పిల్లను తెచ్చుకునే ముందు: మా మొద్దుగాడితో పడ్డ పాట్లు

ఇంట్లో ఆరేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు ఉన్నారని, బెర్నీస్ మౌంటెన్ డాగ్ పిల్లను చూసి వచ్చామని, మూడు వారాల్లో తెచ్చుకోవచ్చన్నారని రాశారు. ఇంత పెద్ద జాతి కుక్కను ఎప్పుడూ పెంచలేదు, ముందే తెలుసుకోవాల్సినవి ఏమిటని అడిగారు. నేనూ అచ్చం మీలాగే ఆ నలుపు, తెలుపు, ఇటుకరంగు మొహం చూసి మనసు పారేసుకుని తెచ్చుకున్నవాణ్ణే. వాడికి మొద్దు అని పేరు పెట్టింది మా అమ్మాయి. పిలిస్తే ఒక్కసారికి లేచేవాడు కాదు, అందుకని. ఎనిమిదేళ్ళు నిండడానికి రెండు నెలల ముందు పోయాడు. అంటే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చూశాను.

అందరూ మిమ్మల్ని సైజు గురించి భయపెడతారు. సైజుకు మనం అలవాటు పడిపోతాం. పడలేనిది అది ఎదిగే వేగానికి. పుట్టినప్పుడు అరకిలో ఉండే పిల్ల ఎనిమిది వారాలకు మీ చేతికి వచ్చేసరికి ఐదు నుంచి ఎనిమిది కిలోల దాకా ఉంటుంది. ఆరో నెలకల్లా పాతిక కిలోలు. పెద్దయ్యాక మగది 36 నుంచి 52 కిలోలు, ఆడది 32 నుంచి 43. మగదాని భుజం ఎత్తే 64 నుంచి 70 సెంటీమీటర్లు. ఒళ్ళు ఏడాదికే వచ్చేస్తుంది, బుద్ధి మాత్రం రెండు మూడేళ్ళకు గానీ రాదు. ఆ మధ్య కాలమంతా మీ ఇంట్లో ఉండేది నలభై కిలోల చంటిపిల్లాడు. మీరు నిర్ణయం తీసుకోవాల్సింది వాణ్ణి తలచుకుని, ఫొటోలో పిల్లను చూసి కాదు.

నేను చేసిన పెద్ద తప్పు ఆ వేగాన్ని ఇంకా పెంచాలని చూడడం. పెద్ద కుక్క కదా, ఎముకలు గట్టిపడాలి కదా అని గిన్నె నిండా పెట్టడమే కాకుండా రోజూ ఒక చెంచా కాల్షియం పొడి కలిపేవాణ్ణి. ఐదో నెలలో ఒక పొద్దున నిద్ర లేచి ముందు ఎడమకాలు నేల మీద ఆనించలేదు. నాలుగు అడుగులు కుంటి, కూర్చుని, నా మొహంలోకి చూశాడు. డాక్టరు మోకాలి కింద నుంచి వేలితో ఒక్కో అంగుళం నొక్కుకుంటూ వచ్చి, ఒక చోట వాడు కుయ్‌మనగానే ఆపి, "ఏం పెడుతున్నారు?" అని అడిగారు. నేను గొప్పగా లిస్టు చదివాను. ఆవిడ విని, "ఆ కాల్షియం డబ్బా ఇవాళే పారేయండి" అన్నారు.

కుంటు విషయంలో అదృష్టం బాగుంది. ఎక్స్‌రేలో పానోస్టైటిస్ అని తేలింది. ఎదిగే వయసులో పెద్ద జాతులకు వచ్చే ఎముక నొప్పి అది. ఒక కాలు తగ్గాక ఇంకో కాలికి మారుతూ కొన్ని నెలలు ఏడిపించి, దానంతట అదే పోయింది. కాల్షియం సంగతి వేరే, దానికంటే పెద్దది. ఎదిగిన కుక్కల ఒళ్ళు అక్కర్లేని కాల్షియంను లోపలికి రాకుండా ఆపుకోగలదు. కుక్కపిల్లల ఒంటికి ఆ అదుపు ఉండదు, ఎంత పెడితే అంతా లాగేసుకుంటుంది. దాంతో ఎముకలు, కీళ్ళు వంకరగా ఎదిగే ప్రమాదం ఉంది. అందుకే పెద్ద జాతి పిల్లల కోసమే చేసిన ఆహారం తీసుకోండి. అమెరికాలో జంతువుల ఆహారానికి ప్రమాణాలు పెట్టే ఆఫ్కో సంస్థ లెక్క ప్రకారం అలాంటి ఆహారంలో తేమ తీసేసిన లెక్కన కాల్షియం 1.8 శాతం దాటకూడదు. పెద్దయ్యాక 70 పౌండ్లు, అంటే సుమారు 32 కిలోలు, ఆపైన తూగే కుక్కల ఎదుగుదలకు సరిపోతుందా లేదా అన్నది సంచి మీదే రాస్తారు. ఆ వాక్యం వెతకండి. దాని మీద ఇంకే పొడీ కలపొద్దు. పిల్ల బొద్దుగా ఉంటే చుట్టుపక్కలవాళ్ళు మురిసిపోతారు గానీ, పక్కటెముకల మీద అరచేయి పెట్టి రాస్తే ఎముకలు వేళ్ళకు తెలియాలి. తెలియకపోతే ఎక్కువ పెడుతున్నట్టే.

మెట్ల గురించి కూడా చెప్పాలి. నార్వేలో న్యూఫౌండ్‌లాండ్, లియోన్‌బర్గర్ లాంటి పెద్ద జాతుల పిల్లల్ని కొన్నేళ్ళపాటు గమనించిన పరిశోధన ఒకటి ఉంది. మూడు నెలల లోపు రోజూ మెట్లు ఎక్కి దిగిన పిల్లల్లో తుంటి కీలు సరిగా కుదరని జబ్బు, అదే హిప్ డిస్‌ప్లేసియా, ఎక్కువగా కనిపించింది. మెత్తటి నేల మీద తాడు లేకుండా తమ ఇష్టం వచ్చినట్టు తిరిగిన పిల్లల్లో తక్కువ. కాబట్టి చిన్నప్పుడు మెట్ల దగ్గర ఎత్తుకోండి, గడ్డిలో వదిలేయండి, అలసిపోతే పడుకోనివ్వండి. పరుగు పందేలు, సైకిల్ వెంట పరిగెత్తించడం, కారులోంచి దూకించడం లాంటివి ఏడాదిన్నర దాకా మానేయండి. ఎముకల చివర ఎదిగే భాగం గట్టిపడడానికి ఈ జాతుల్లో అంతకాలం పడుతుంది. నున్నటి గచ్చు మీద కాళ్ళు నాలుగు దిక్కులకు జారుతుంటే చూడ్డానికి సరదాగా ఉంటుంది, నేనూ వీడియో తీశాను. తీయకుండా ఒక చాప పరవాల్సింది.

సరే, పిల్లను ఇచ్చేవాళ్ళ సంగతి. నాకు మొద్దును ఇచ్చినాయన "డాక్టరు చూశారండీ, అంతా బాగుంది" అన్నాడు. నమ్మేశాను. ఎనిమిది వారాల పిల్లను డాక్టరు చూస్తే తెలిసేది గుండె, కళ్ళు, కడుపులో పురుగులు వరకే. తుంటి, మోచేతి కీళ్ళ కథ తెలిసేది తల్లిదండ్రుల ఎక్స్‌రేలలో, అదీ వాటికి వయసు వచ్చాక తీసి గ్రేడు వేయించినవాటిలో. అమెరికాలో ఓఎఫ్‌ఏ సంస్థ తుంటికి తుది గ్రేడు రెండేళ్ళు నిండాకే ఇస్తుంది. ఆ కాగితాలు చూపించమనండి, తల్లిదీ తండ్రిదీ కూడా. వాటితో పాటు వెన్నుపాము క్షీణించి వెనక కాళ్ళు పడిపోయే జబ్బుకు, రక్తం గడ్డకట్టని వాన్ విల్లెబ్రాండ్ జబ్బుకు జన్యు పరీక్షలున్నాయి, అవి చేయించారా అని అడగండి. కాగితాలన్నిటికంటే నేనిప్పుడు ముందుగా అడిగే ప్రశ్న వేరే: ఈ పిల్ల తాత, అమ్మమ్మ ఎన్నేళ్ళు బతికారు, దేనితో పోయారు?

ఎందుకంటే ఈ జాతికి ఆయుష్షు తక్కువ. ఏడెనిమిదేళ్ళు మామూలు, పదేళ్ళు దాటితే విశేషం. హిస్టియోసైటిక్ సార్కోమా అనే క్యాన్సర్ మిగతా జాతులతో పోలిస్తే బెర్నీస్‌లలో చాలా ఎక్కువ, అది వంశంలో వస్తుంది. మొద్దును తీసుకెళ్ళిందీ అదే. ఏడున్నరేళ్ళు దాటాక తిండి తగ్గించాడు, ఎప్పుడూ నాకిన గిన్నెను మళ్ళీ మళ్ళీ నాకేవాడు సగం వదిలేసి పోయేవాడు. స్కాన్ తీసిన రోజు నుంచి చూస్తే మూడు వారాలు. మీ పాపకు ఇప్పుడు ఆరేళ్ళు కదా, లెక్క వేసుకోండి. తెచ్చుకోవద్దనడం లేదు. పిల్లలకు ఆ రోజు ఏం చెప్పాలన్నది కూడా మీరు తెచ్చుకుంటున్న దాంట్లో భాగమే అంటున్నాను.

పిల్లలతో ఎలా ఉంటుందని కూడా అడిగారు. స్వభావం విషయంలో నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ చుట్టుపక్కల పొలాల్లో పాలబండి లాగడానికి, ఆవులను తోలడానికి, ఇంటి ముందు కాపలాకు పెంచిన కుక్కలివి. డ్యూర్‌బాఖ్ అనే చోటు పేరు మీద మొదట్లో డ్యూర్‌బెఖ్లర్ అనేవాళ్ళు, 1907లో ఆ దేశంలో వీటికో క్లబ్బు కూడా పెట్టారు. పొద్దస్తమానం మనుషుల వెంట పని చేసిన జాతి కాబట్టి ఒంటరిగా పెరట్లో కట్టేస్తే కుంగిపోతాయి. రోజంతా ఇంట్లో ఎవరూ ఉండకపోతే ఈ జాతి వద్దు, ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను. ప్రేమ చూపించే పద్ధతి కూడా బరువైనదే: పక్కకు వచ్చి ఒళ్ళంతా మీ మీదికి ఒరిగేస్తాయి. మీ నాలుగేళ్ళ బాబు పడిపోతాడు, రోజుకోసారి పడతాడు, అందులో కోపం ఉండదు. నాలుగో నెల నుంచి పళ్ళు మారేటప్పుడు మాత్రం కొరుకుడు భరించాలి. బాబునూ పిల్లనూ ఆ రోజుల్లో ఒంటరిగా వదలొద్దు.

మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అనలేదు. ఇంటికి వచ్చిన రోజే మొదలుపెట్టండి: గోళ్ళు, చెవులు, నోరు ముట్టుకోనివ్వడం, దువ్వెనకు నిలబడడం, తాడు లాగకుండా నడవడం. పన్నెండు, పద్నాలుగు వారాల లోపు ఎన్ని రకాల మనుషులను, చప్పుళ్ళను చూపిస్తే అంత మంచిది. టీకాలు పూర్తి కాలేదని భయపడి ఇంట్లో దాచేయకుండా ఎత్తుకుని తిప్పండి. ఇవి సిగ్గరి కుక్కలు, అరిస్తే ముడుచుకుపోతాయి. నేను తాడు నడక నేర్పడం వాయిదా వేశాను. ఏడో నెలలో ఒక పిల్లి కనబడింది. నా కుడిచేతి ఉంగరం వేలు ఇప్పటికీ పూర్తిగా మడవదు.

వేడి గురించి జాగ్రత్త. చలికోసం పుట్టిన రెండు పొరల బొచ్చు అది. ఎండ ముదరకముందే నడక ముగించండి, అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆన్చలేకపోతే వాడి పాదాలూ ఆన్చలేవు. వేసవిలో మొద్దు బాత్రూమ్ తలుపు దగ్గర తడి గచ్చు మీదే కాపురం పెట్టేవాడు, లోపలికి వెళ్ళాలంటే వాణ్ణి దాటుకుని వెళ్ళేవాళ్ళం. అలాగని బొచ్చు మిషన్‌తో గొరిగించకండి. ఎండను ఆపేదీ అదే, పైగా సరిగ్గా తిరిగి రాకపోవచ్చు. దువ్వడమే మార్గం. ఏడాదికి రెండుసార్లు రాలే కాలంలో దువ్విన బొచ్చుతో ఇంకో కుక్కను చేయొచ్చనిపిస్తుంది. నల్లబట్టల మీద ఆశ వదులుకోండి.

ఇంకొకటి, ఇది రాసి ఫ్రిజ్‌కు అతికించుకోవాల్సింది. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కలకు కడుపు గాలితో ఉబ్బి మెలితిరుగుతుంది. వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోవడం, పొట్ట బిగదీయడం, కుదురుగా పడుకోలేకపోవడం, చొంగ కారడం. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు, అప్పటికప్పుడు ఆస్పత్రికి పోవాలి. రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి ఎంత దూరంలో ఉందో పిల్ల రాకముందే చూసుకోండి. కడుపును ముందే పక్కగోడకు కుట్టేసే ఆపరేషన్ కూడా ఉంది, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్‌తో కలిపి చేయించుకోవచ్చు. ఆ రెండోది ఎప్పుడన్నది డాక్టరుతో విడిగా మాట్లాడండి, ఈ జాతికి తొందరగా చేయిస్తే కీళ్ళ సమస్యలు పెరుగుతాయన్న ఆధారాలున్నాయి.

ఖర్చు మీకు ఒక్క మాటలో అర్థమవుతుంది: మందులు, మత్తు, పురుగుల మాత్ర, అన్నీ కిలోల లెక్కనే.

ముసలితనంలో వాణ్ణి కారెక్కించేవాళ్ళం. నేను ముందు, మా అమ్మాయి వెనక, పొట్ట కింద నుంచి ఒక పెద్ద తువ్వాలు వేసి చెరో కొస పట్టుకుని, "ఒకటి, రెండు" అనేలోపు వాడే మధ్యలో కూర్చుండిపోయేవాడు. కారుకు వాలుబల్ల ఒకటి కొని, పిల్లకు ఐదారు నెలలున్నప్పుడే దాని మీద ఎక్కడం అలవాటు చేయండి. మేం కొన్నది ఏడో ఏట, వాడు దాన్ని చివరిదాకా వాసన చూశాడే తప్ప అడుగు పెట్టలేదు.

మూడు వారాలున్నాయి కదా. ముందు తల్లిదండ్రుల తుంటి కాగితాలు అడగండి. రేపు, ఎల్లుండి అని దాటేస్తే అక్కడ తీసుకోకండి, పిల్ల ఎంత ముద్దొచ్చినా సరే.