సంపాదన ఉన్నా డబ్బు నిలవడం లేదా? ముందు తేదీలు చూడండి

"ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగ్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. జీతం కంటే ఎక్కువే సంపాదిస్తున్నా నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. మదుపు ఎప్పుడు మొదలుపెట్టాలి?" అని అడిగారు. నేను పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి రెండేళ్లు అచ్చంగా మీ పరిస్థితే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ఇబ్బంది ఖర్చుల వల్ల వచ్చిందని నేను అనుకోను. పని చేసిన రోజుకీ డబ్బు చేతికొచ్చే రోజుకీ మధ్య దూరం ఎక్కువైంది. నెలంతా పని చేసి నెలాఖరున ఇన్‌వాయిస్ పంపుతాం. దానికి 60 రోజుల గడువంటే, ఒకటో తారీఖున చేసిన పనికి డబ్బు వచ్చేది 90వ రోజున. అన్నాళ్లూ క్లయింట్‌కి మనమే వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టు. పని పెరిగేకొద్దీ ఆ అప్పూ పెరుగుతుంది. బాగా బిజీగా ఉన్న నెలల్లోనే చేతిలో డబ్బు ఆడకపోవడానికి కారణం ఇదే.

రెండో ఏడాది ఒక పెద్ద ప్రాజెక్ట్ పూర్తి చేశాను. 45 రోజులు చూసి, మొహమాటం వదిలి ఫోన్ చేస్తే, అకౌంట్స్‌లో ఉన్నావిడ "మీ బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబర్ లేదండీ, అందుకే పక్కన పెట్టాం" అన్నారు. పని అప్పగిస్తూ కంపెనీ ఇచ్చే ఆర్డర్ పత్రం మీద ఉండే నంబరది. సరిచేసి పంపితే గడువు మళ్లీ మొదటినుంచి లెక్క. ఆ నెల ఇంటి అద్దె క్రెడిట్ కార్డు మీద కట్టాను. అప్పటినుంచి ఇన్‌వాయిస్ పంపిన మూడో రోజున "అందిందా? వివరాలన్నీ సరిపోయాయా?" అని చిన్న మెయిల్ పెడతాను. అందులో డబ్బు ఊసే ఉండదు కాబట్టి అడగడానికి ఇబ్బంది అనిపించదు, తప్పులేమైనా ఉంటే అప్పుడే తేలిపోతాయి. పని మొదలుపెట్టకముందే మూడో వంతు అడ్వాన్స్ కూడా తీసుకుంటాను. అడ్వాన్స్‌కి ససేమిరా అన్నవాళ్లే చివర్లోనూ ఏడిపించారు.

క్లయింట్ల డబ్బు పడిన రోజే పన్ను వాటాను వేరే అకౌంట్‌కి మార్చేయండి, అది మనది కాదు. ఇంటికి మాత్రం ప్రతి ఒకటో తారీఖున జీతంలా ఒకే మొత్తం పంపుకోండి. ఎంత అంటే, గత ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన మూడు నెలల సగటు. ఏడాది సగటు పెట్టుకుని నేను దెబ్బతిన్నాను. మంచి నెలల్లో మిగిలింది అకౌంట్‌లోనే ఉండి, పని లేని నెలల్ని నడిపిస్తుంది. ఇలా చేశాక మా ఇంట్లో నెల మొదటి వారం టెన్షన్ పోయింది.

ఇక మదుపు. కార్డు బాకీ ఉంటే ముందు దాన్ని తీర్చండి. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుంది. 24 శాతం వడ్డీకి బాకీ మూడేళ్లలో రెట్టింపు, 8 శాతం రాబడికి మదుపు రెట్టింపవడానికి తొమ్మిదేళ్లు. తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. ఆరోగ్య బీమా, పింఛను ఇప్పుడు ఏ కంపెనీ కట్టదు, కాబట్టి ఫీజు చెప్పేటప్పుడే అవీ కలుపుకోవాలి. వీటన్నిటికీ పోగా మిగిలిన డబ్బును నేను మూడు నెలలకోసారి తక్కువ ఖర్చుండే ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీలో ఉన్న షేర్లనే అదే నిష్పత్తిలో కొనే మ్యూచువల్ ఫండ్) వేస్తాను. నెలనెలా కట్టమని అందరూ చెబుతారు. ఆదాయం నెలనెలా రాని మనకు అది కుదరదు, మధ్యలో ఆపాల్సి వచ్చినప్పుడల్లా మనసు కష్టపడుతుంది.

ఈ వారంలో ఒక పని చేయండి. గత ఏడాది ఇన్‌వాయిస్‌లన్నీ తీసి, ఒక్కోదాని పక్కన పంపిన తేదీ, డబ్బు పడిన తేదీ రాయండి. నేను రాసుకున్నప్పుడు ఒక క్లయింట్ పేరు పక్కన 112 రోజులు తేలింది. నా ఆదాయంలో సగం ఆ ఒక్కరి దగ్గరినుంచే వస్తోంది. ఆ మర్నాటినుంచే కొత్త క్లయింట్ల కోసం వెతకడం మొదలుపెట్టాను.