పెద్ద ఎక్స్‌టెన్షన్‌కి మెయింటైనర్‌గా చేరాలంటే కోడింగ్ ఎంత రావాలి?

"చాలామంది వాడే ఒక కోడ్ ఎడిటర్ ఎక్స్‌టెన్షన్‌కి మెయింటైనర్‌గా రమ్మంటున్నారు, ఉద్యోగం చేసుకుంటూ చేయగలనా, అంత కోడింగ్ నాకు వచ్చా?" అని అడిగారు. ఎక్స్‌టెన్షన్ అంటే ఎడిటర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, దాన్ని చూసుకుంటూ వచ్చే మార్పులకి అవునో కాదో చెప్పేవాళ్లు మెయింటైనర్లు. కోడింగ్ గురించి దిగులు పడకండి, మీరు పంపిన ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) చూసే కదా పిలిచారు. మీరు చూసుకోవలసింది మొహమాటం. అది ఉన్నవాళ్లు ఈ పనిలో నలిగిపోతారు. నేను ఆరేళ్లుగా మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎడిటర్ వీఎస్ కోడ్‌కి కోడ్ ఫార్మాట్ చేసే, అంటే స్పేస్‌లూ లైన్లూ పద్ధతిగా సర్దే ఒక ఎక్స్‌టెన్షన్ చూసుకుంటున్నాను. మొత్తం నలుగురం ఉన్నాం, మిగతా ముగ్గురినీ అడగలేదు కాబట్టి దాని పేరు రాయడం లేదు. వాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు.

మూడేళ్ల క్రితం సంగతి. చదువుకుంటున్న ఒక కుర్రాడు పుల్ రిక్వెస్ట్ పంపాడు, అంటే తను రాసిన మార్పుని మా కోడ్‌లో కలపమని (మెర్జ్ చేయమని) అడిగాడు. కామెంట్ల (కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసుకునే మాటల) జోలికి పోకుండా కోడ్‌ని మాత్రమే ఫార్మాట్ చేసే కొత్త సెట్టింగ్ అది. నాకు అవసరం అనిపించలేదు, అడిగినవాళ్లు కూడా ఇద్దరో ముగ్గురో. కానీ నెలన్నరలో మూడుసార్లు ఎంతో మర్యాదగా గుర్తు చేశాడు, చెప్పిన ప్రతి మార్పూ చేసి పంపాడు, ఇంత కష్టపడ్డవాడికి వద్దని ఎలా చెప్పాలో తెలియక మెర్జ్ చేసేశాను. సంక్రాంతికి ఊరెళ్లాలి, వెళ్లేలోపు అయిపోతే బాగుంటుందని బస్సెక్కే ముందు పబ్లిష్ కూడా చేసేశాను.

మా ఊరు అమలాపురం దగ్గర. భోగి రోజు తెల్లవారుజామున మంట దగ్గర నిలబడి ఉంటే జేబులో ఫోన్ ఆగకుండా కొట్టుకోవడం మొదలైంది. తీసి చూస్తే మా కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్ నిండా ఒకటే గోల. మొదటి రిపోర్టులో స్క్రీన్‌షాట్ ఉంది, జపనీస్ కామెంట్ కింద కోడ్, ఫైల్ సేవ్ చేయగానే అందులో అక్షరాలు మాయమవుతున్నాయి. దాని కింద కొరియన్ వాళ్లు, చైనా వాళ్లు. ఇంగ్లీషులో కామెంట్లు రాసుకునే ఒక్కరికీ ఏమీ కాలేదు.

ఏం జరిగిందంటే, అంతకు ముందు మా ఫార్మాటర్ మొత్తం ఫైల్‌ని కొత్తగా రాసి ఇచ్చేది. ఆ సెట్టింగ్ కోసం ముక్కలు ముక్కలుగా మార్పులు ఇవ్వడం మొదలుపెట్టాం, పైగా సెట్టింగ్ ఆన్ చేయనివాళ్లకీ కోడ్ ఇప్పుడు ఆ దారినే వెళ్తోంది. "ఫలానా చోట రెండు స్పేస్‌లు తీసెయ్" అని ఫార్మాటర్ చెప్పే ఆ చోటు యూటీఎఫ్-8 అనే పద్ధతి బైట్లలో ఉంటుంది. వీఎస్ కోడ్ మాత్రం యూటీఎఫ్-16 (అక్షరాలని నంబర్లుగా దాచే ఇంకో పద్ధతి) లెక్కలో చూస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి రెండు లెక్కలూ ఒకటే, అందుకే టెస్టులన్నీ పాసయ్యాయి. అక్కడే నిలబడి నా ఫైల్‌లో తెలుగులో "అమ్మ" అని ఒక కామెంట్ రాసి లెక్కపెట్టి చూశాను. కంటికి రెండు అక్షరాలు. ఎడిటర్‌కి నాలుగు, ఎందుకంటే అ, మ, పొల్లు, మళ్లీ మ. యూటీఎఫ్-8 బైట్లలో పన్నెండు. అంటే ఆ ఒక్క మాట దాటాక ప్రతి మార్పూ ఎనిమిది స్థానాలు పక్కకి జరిగి పడుతుంది, స్పేస్‌లు తీయాల్సింది వేరే ఏవో అక్షరాలు కోసేస్తుంది. ఇంకో కామెంట్ వస్తే ఇంకొంత జరుగుతుంది.

తెలుగులో ఒక్క లైన్ టెస్ట్ రాసి ఉంటే ఇది ముందే దొరికేది. తెలుగువాణ్ణి, నేనే రాయలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

వెనక్కి తీసుకుందామంటే, వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లు దొరికే మార్కెట్‌ప్లేస్‌లో అలా కుదరదు. తక్కువ నంబరుతో మళ్లీ పెట్టనివ్వదు, పాత కోడ్‌నే ఇంకా పెద్ద నంబరు వేసి కొత్త వెర్షన్‌లా పంపాలి. దానికి టోకెన్ కావాలి, పబ్లిష్ చేయడానికి పాస్‌వర్డ్ లాంటిది. టోకెన్ ఇద్దరి దగ్గరే ఉంది, ఒకటి హైదరాబాద్‌లో మా ఇంటి డెస్క్‌టాప్‌లో, రెండోది పోలండ్‌లో అప్పటికి నిద్రపోతున్న మనిషి దగ్గర. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగిన్ అయి కొత్త టోకెన్ తీసుకుని ప్యాకేజ్ చేసేసరికి గంటన్నర పట్టింది. కింద నుంచి అమ్మ "పండగ పూట ఆ మొహం ఏమిట్రా, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా" అని అడుగుతూనే ఉంది. ఆటో అప్‌డేట్ వల్ల ఆ గంటన్నరలో తప్పుడు వెర్షన్ ఇంకా ఎంతమందికి చేరుతోందో అన్న టెన్షన్ తప్ప నాకు వేరే ధ్యాస లేదు. అంత చేసి ఓపెన్ వీఎస్‌ఎక్స్ సంగతి మర్చిపోయాను. ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఎక్స్‌టెన్షన్ల రిజిస్ట్రీ అది, వీఎస్‌కోడియం (వీఎస్ కోడ్ సోర్స్ నుంచే తయారయ్యే ఇంకో ఎడిటర్) వాడేవాళ్లకి ఎక్స్‌టెన్షన్లు అక్కడి నుంచే వస్తాయి, అక్కడ విడిగా పబ్లిష్ చేయాలి. వాళ్లకి సాయంత్రం దాకా విరిగిన వెర్షనే ఉంది.

చాలామంది కంట్రోల్ జెడ్ కొట్టో, గిట్‌లో దాచుకున్న పాత కాపీ తీసుకునో బయటపడ్డారు. ఒకాయన మాత్రం కమిట్ చేయని (గిట్‌లో ఇంకా దాచని) రెండు రోజుల పని పోయిందని రాశాడు. తిట్టలేదు, జరిగింది రాశాడంతే. మొహమాటపడి ఒకరిని సంతోషపెట్టబోయి ముక్కూమొహం తెలియని మనిషి రెండు రోజుల కష్టం పోగొట్టాను.

ఆ సెట్టింగ్ తర్వాతి వెర్షన్‌లో తీసేశాం. ఆ కుర్రాడికి విడిగా మెయిల్ రాసి, తప్పు నీది కాదు, వద్దని మొదట్లోనే చెప్పాల్సింది నేను అన్నాను. ఇప్పుడు కొత్త సెట్టింగ్ ఎవరు అడిగినా మొదటి వారంలోనే అవునో కాదో చెప్పేస్తాను. ఒక సెట్టింగ్ ఒప్పుకుంటే, పంపినవాళ్లు వెళ్లిపోయాక కూడా దాన్ని మోసేది మనమే.

ఎడిటర్ తానే చేసే పని అయితే వద్దని ఇంకా గట్టిగా చెప్పాలి. బ్రాకెట్లకి రంగులు వేసే బ్రాకెట్ పెయిర్ కలరైజర్ ఎంతమంది వాడేవారో మీకు గుర్తుండే ఉంటుంది. 2021 ఆగస్టు వెర్షన్‌లో వీఎస్ కోడ్ ఆ సౌకర్యాన్ని తనలోనే, ఎంతో వేగంగా పనిచేసేలా పెట్టింది. ఇక ఈ ఎక్స్‌టెన్షన్ అవసరం లేదని దాని పేజీలోనే రాసేశారు. అంత ఆదరణ ఉన్నదాన్ని అలా వదులుకోవడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఇంకోటి, మన కంపెనీల్లో పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ దయచేసి వినండి. లింక్డిన్‌లో "అన్నా అర్జెంట్, పనిచేయట్లేదు" అని పంపితే నేను ఏం చేయగలను? వెర్షన్ ఉండదు, ఎర్రర్ ఉండదు, అసలు మా ఎక్స్‌టెన్షనో కాదో కూడా తెలియదు. కమాండ్ ప్యాలెట్‌లో (ఎడిటర్ ఆదేశాలు టైప్ చేసి వెతికే పెట్టె) "హెల్ప్: స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్" అని ఉంది, సగం ఎక్స్‌టెన్షన్లు ఆపుతూ వెతుకుతుంది, నలభై ఉన్నా ఐదారు సార్లలో దొరికిపోతుంది. అది చేసి గిట్‌హబ్‌లో రాయండి, నాతోపాటు అందరికీ కనిపిస్తుంది. సాయం అడగడానికి ఒక్క స్టార్ రేటింగ్ ఇవ్వడం కూడా మానేయండి, రాత్రి పదకొండుకి కూర్చుని ఊరికే చేసే మనిషికి అది నిజంగా నొప్పి.

ఉద్యోగంతో కుదురుతుందా అంటే, కుదురుతుంది. నాకు వారానికి నాలుగైదు గంటలు పడుతుంది, అందులో కోడ్ రాసేది గంట కూడా ఉండదు. ఒప్పుకునే ముందు వాళ్లని రెండు విషయాలు అడగండి. మొదటిది, ప్రీ రిలీజ్ (కావాలని ఎంచుకున్నవాళ్లకి మాత్రమే ముందుగా వెళ్లే వెర్షన్) వాడుతున్నారా అని. వీఎస్ కోడ్‌లో ఆ సదుపాయం 2021 చివర్లోనే వచ్చింది, మేం ఇప్పుడు ప్రతి మార్పునీ రెండు వారాలు అందులోనే ఉంచుతాం. పబ్లిష్ టోకెన్ ఎంతమంది దగ్గర ఉంది, వాళ్లంతా ఒకే టైమ్‌లో నిద్రపోతారా అనేది రెండోది. సమాధానం తేలే దాకా గిట్‌హబ్‌లో జనం రాసే ఇష్యూలకి (సమస్యలకి) జవాబులు రాస్తూ ఉండండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.