హార్లెం కవిత్వానికీ హిప్ హాప్‌కీ నిజంగా చుట్టరికం ఉందా?

న్యూయార్క్‌లోని నల్లవాళ్ల పేట హార్లెంలో 1920ల్లో వెల్లివిరిసిన సాహిత్యోద్యమం హార్లెం రినైసెన్స్‌కీ, 1960ల నల్లజాతి కళాకారుల బ్లాక్ ఆర్ట్స్ ఉద్యమానికీ హిప్ హాప్‌కీ నిజంగా సంబంధం ఉందా, లేక అన్నీ నల్లజాతి నిరసనలే కదా అని ఒకే గాటన కట్టేస్తున్నారా అని అడిగారు.

ఉందండీ. నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేసిన రోజుల్లో ముందు ర్యాప్ (హిప్ హాప్‌లో దరువు మీద మాటలు చెప్పే పద్ధతి) విని, తర్వాత ఆ కవుల దగ్గరికి వెళ్లినవాణ్ణి. వాళ్లందరినీ కలిపేది కోపం ఒక్కటే కాదు. ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ దరువు మీద మాట్లాడుతున్నారు అన్నదే అసలు సంగతి.

1919లో అమెరికా ఊళ్లలో నల్లవాళ్ల మీద దాడులు జరిగినప్పుడు, చావక తప్పకపోతే తిరగబడే చద్దాం అంటూ క్లాడ్ మెకే ఒక కవిత రాశాడు. మాట నిప్పు, రూపం మాత్రం పక్కా ఇంగ్లీషు సానెట్, అంటే పద్నాలుగు పాదాల ఛందోబద్ధ కవిత. లాంగ్‌స్టన్ హ్యూస్ దారి వేరు. 1926లో వచ్చిన 'ది వియరీ బ్లూస్' పుస్తకంలో నల్లవాళ్ల విషాద గీతాలైన బ్లూస్ పాట నడకనే కవితలోకి తెచ్చాడు. 1958లో జాజ్ వాద్యకారులతో కలిసి తన కవితలు చదివి రికార్డు కూడా చేశాడు. అందులో ఆయన పాడడు, మాట్లాడతాడు. ఆ మాటలోనే లయ ఉంటుంది.

1965లో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ హత్య తర్వాత కవి అమీరి బరాకా హార్లెంలో ఒక నాటకశాల, బడి పెట్టాడు. అప్పటికి ఆయన పేరు లెరాయ్ జోన్స్. తెల్లవాళ్లకు మన బాధ వివరించింది చాలు, ఇక మనవాళ్లతోనే మాట్లాడదాం అన్నది బ్లాక్ ఆర్ట్స్ కవుల పట్టుదల. 1968 మే 19న, మాల్కం ఎక్స్ పుట్టినరోజున, హార్లెంలోని ఒక పార్కులో 'లాస్ట్ పొయెట్స్' అనే కవుల బృందం మొదలైంది. 1970లో వచ్చిన వాళ్ల మొదటి రికార్డులో దాదాపు అంతా డ్రమ్ములు, గొంతులే. ర్యాప్ తెలిసిన చెవికి అది ర్యాపే. హిప్ హాప్‌కి అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఇదేనని నా అభిప్రాయం.

అలాగని హిప్ హాప్ కవుల ఇంట్లోనే పుట్టిందనుకోకండి. హిప్ హాప్ పుట్టిన రోజుగా చెప్పుకునే 1973 ఆగస్టు 11న, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ రికార్డులు వాయించింది చెల్లెలు ఏర్పాటు చేసిన డాన్స్ పార్టీలో. అతను జమైకాలో పుట్టినవాడు, పెద్ద స్పీకర్లు పెట్టి జనం కోసం రికార్డులు వాయించే అక్కడి సౌండ్ సిస్టమ్‌ల సంప్రదాయమూ ఇందులో కలిసింది. తొలి రోజుల్లో ఎక్కువగా సందడే. 1982లో 'ది మెసేజ్' అనే ర్యాప్ పాట వచ్చాక పగిలిన గాజుపెంకులు, ఎలుకలు, బొద్దింకలతో సహా పేద నల్లవాళ్ల పేటల బతుకు రేడియోలోకి వచ్చింది.

హార్లెంలో 135వ వీధి స్టేషన్ దిగితే పక్కనే నల్లజాతి చరిత్ర, సంస్కృతుల గ్రంథాలయం షోంబర్గ్ సెంటర్ ఉంటుంది. అక్కడి నేల మీద నదుల గీతలతో పెద్ద చిత్రం, మధ్యలో హ్యూస్ నదుల కవితలోని చివరి పాదం ఉన్నాయి. ఆ కిందే ఆయన చితాభస్మం ఉంది. కాలు పెట్టాలా వద్దా అని నేను తటపటాయించాను. కానీ 1991లో దాని ప్రారంభోత్సవంలో బరాకా, కవయిత్రి మాయా ఏంజెలో అదే నేల మీద డాన్స్ చేశారు, ఆ ఫోటో చాలా ప్రసిద్ధం. ఆ బరాకాయే 2002లో 'ది రూట్స్' అనే హిప్ హాప్ బృందం ఆల్బంలో తన కవిత చదివాడు.

వినాలనుకుంటే హ్యూస్ 1958 రికార్డు, లాస్ట్ పొయెట్స్, 'ది మెసేజ్', రూట్స్‌తో బరాకా, ఈ వరసలో వినండి. మాటలు అన్నీ అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ముందు దరువు పట్టుకోండి.