పుస్తకాల పడవ, పుస్తకాల బండి

ప్రశ్న: అమ్మా, నమస్తే. దుగ్గిరాల దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. 2 కథల సంపుటాలు వచ్చాయి, రెండూ తెలుగులోనే. 1935లో పాతూరి నాగభూషణం గారు మా కాలవల మీద నడిపిన పడవ గ్రంథాలయం గురించి ఇప్పుడు నవల రాస్తున్నాను. మా అమ్మమ్మ నీళ్లకని రేవుకి వెళ్లి, బిందె గట్టు మీద పెట్టి ఆ పడవ కోసం చూసేదట. వేల్స్‌లో గ్లాడ్‌స్టన్ లైబ్రరీ అని ఉందనీ, రచయితలకి గది ఇచ్చి ఉంచుకుంటుందనీ తెలిసింది. దరఖాస్తు మొదలుపెట్టాను కానీ, ‘ఎందుకు రావాలనుకుంటున్నారు’ అన్న దగ్గర ఆగిపోయాను. రాసిన మూడు ముక్కలూ, నవల్లో కొన్ని పేజీల ఇంగ్లీషు అనువాదమూ జత చేస్తున్నాను. ఇంగ్లీషులో ఒక్క పుస్తకమైనా లేనిదాన్ని, అసలు పంపొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: పంపండి అమ్మా. ముందు మీరు జత చేసిన ఆ మూడు ముక్కల సంగతి మాట్లాడుకుందాం.

‘నేను 12 ఏళ్లుగా కథలు రాస్తున్నాను. సాహిత్యం నా ప్రాణం. ప్రశాంతమైన వాతావరణంలో నవల పూర్తిచేయాలన్నది నా కల.’

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ మీ పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసినా చెల్లిపోతుంది. నేనూ ఇలాగే రాశాను ఒకప్పుడు. పదిహేనేళ్ల కిందట ఒక విదేశీ లైబ్రరీకి అనువాదకురాలిగా దరఖాస్తు పెట్టుకుంటూ, ఇంట్లో రాసుకోవడానికి చోటు లేదు, తీరిక లేదు అని పేజీన్నర రాశాను. ‘ఈసారి అవకాశం ఇవ్వలేకపోతున్నాం’ అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఏడాది తర్వాత ఆ కాగితాలు మళ్లీ తీసి చదివాను. అక్కడికి వెళ్లి ఏ పుస్తకం తెరుస్తానో ఒక్క ముక్క లేదు. శాఖా గ్రంథాలయంలో 31 ఏళ్లు పనిచేసినదాన్ని, కేటలాగు తిరగెయ్యకుండా ఒక గ్రంథాలయానికి ఉత్తరం రాశాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు వెళ్లాలనుకుంటున్న చోటు ఎలాంటిదో చూడండి. ఉత్తర వేల్స్‌లో, చెస్టర్ పట్నానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. రాతలో హవార్డెన్, అక్కడివాళ్ల నోట హార్డెన్. నాలుగుసార్లు బ్రిటన్ ప్రధానిగా చేసిన విలియం గ్లాడ్‌స్టన్ ఇల్లు ఆ ఊళ్లోనే. ఎనభై దాటిన వయసులో తన సొంత పుస్తకాలు, సుమారు 32,000, ఊరికి ఇచ్చేశాడు. చాలామటుకు ఒంటిచక్రం తోపుడుబండిలో వేసి, కూతురూ నౌకరూ సాయంపట్టగా తనే తరలించాడు. ముందు ఒక రేకుల షెడ్డులో సర్దాడు. ఆయన 1898లో పోయాక, ఇప్పుడున్న రాతి కట్టడం 1902లో తెరిచారు. చదువుకునేవాళ్లు అక్కడే బస చేయడానికి గదులూ కట్టారు.

రచయితగా కాకపోయినా, డబ్బు కట్టి ఎవరైనా ఆ గదుల్లో దిగొచ్చు. మాంచెస్టర్లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేను 4 రాత్రులు ఉన్నాను. చదువుకునే హాలంతా కర్రపనే. స్తంభాలు, పైన చుట్టూ తిరిగే వసారా, దానికి మెట్లు. మా శాఖలో మధ్యాహ్నం పూట పేపరు మడిచే చప్పుడైనా వినపడేది, అక్కడ అదీ లేదు. గ్లాడ్‌స్టన్ చదివిన పుస్తకం ఒకటి తీసి చూశాను. అంచున సన్నటి పెన్సిలు గీత, దాని పక్కన రెండక్షరాలు, ‘మా’. ఇటాలియన్‌లో ‘కానీ’ అని అర్థమట. రచయిత మాట పూర్తిగా ఒప్పుకోలేని చోటల్లా అలా రాసుకునేవాడు. ఆ పేజీ మూయబుద్ధి కాలేదు నాకు.

ఇప్పుడు మీ నవల దగ్గరికి రండి. మీరు దుగ్గిరాల కాలవ మీద పుస్తకాల పడవ గురించి రాస్తున్నారు. అంతకు నలభై ఏళ్ల పైచిలుకు ముందు ఆ హార్డెన్‌లో ఒక ముసలాయన పుస్తకాల బండి తోశాడు. ఇది మీకు కనిపించకపోవడమే నాకు ఆశ్చర్యం. నేనైతే ఇలా మొదలుపెడతాను:

‘1935లో మా కాలవ మీద ఒక పడవ పుస్తకాలు మోసుకొచ్చేది. మా అమ్మమ్మ బిందె గట్టు మీద పెట్టి దానికోసం కాచుకుని ఉండేది. నా నవల ఆ పడవ గురించి. పుస్తకాల్ని మోసిన మనిషి ఒంటికీ మనసుకీ ఆ బరువు ఎలా తెలిసిందో రాయాలని ఉంది. మీ గ్రంథాలయం పుట్టిందే అలాంటి మోతతో కాబట్టి, గ్లాడ్‌స్టన్ దినచర్య పుస్తకాలు అక్కడ కూర్చుని చదవాలనుకుంటున్నాను.’

ఆ దినచర్యలు 14 సంపుటాలుగా అచ్చయ్యాయి. అక్కడ ఉండే నెల రోజుల్లో అన్నీ అయ్యేవి కావు, ఏ సంవత్సరాలవి చూస్తారో కూడా రాయండి. ఇంకోమాట. ఈ పోలిక మీ మనసుకి ఎక్కితేనే పెట్టండి. దరఖాస్తు కోసం నవల్లోకి గ్లాడ్‌స్టన్‌ని ఈడ్చుకురావద్దు. మీ పడవకి ఆయన అవసరం లేదనిపిస్తే, అక్కడి గ్రంథాలయాల చరిత్ర పుస్తకాలు వెతకండి.

ఇక భాష సంగతి. తెలుగులో రాస్తున్నానని మొదటి పేరాలోనే చెప్పండి, దాచేదేమీ లేదు. ప్రచురితమైన పుస్తకం ఉండాలన్న నియమం ఇలాంటి చోట్ల మామూలే. మీకు రెండున్నాయి. అవి ఇంగ్లీషులోనే ఉండాలా అన్నది ఆ ఏటి ప్రకటనలో తేలకపోతే వాళ్లకే మెయిల్ రాసి అడగండి, మొహమాటపడకండి. నమూనా పేజీలు మాత్రం ఇంగ్లీషులోకి అనువాదం చేయించాల్సిందే, అనువాదకుల పేరుతో సహా. మీరు పంపిన అనువాదంలో ‘రేవు’ అన్న చోటల్లా ఒడ్డు అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట పడింది. రేవంటే ఉత్త ఒడ్డా? అరిగిన మెట్లు, బట్టలుతికే బండ, బిందె తోమిన మట్టి, నలుగురు ఆడవాళ్ల మాటలు. అమ్మమ్మ కాచుకున్నది ఒడ్డున కాదు, రేవులో. ఆ మాట అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఆ మెట్లు కనపడేలా ఒక వాక్యం రాయించండి. పడవలు దాటడానికి కాలవకి కట్టే తలుపులు, ‘లాకు’ అన్న మాటతో పేచీ లేదు, అది ఇంగ్లీషు నుంచి మనకొచ్చిందే.

ఇంతకాలం రచయితల్ని ఉంచుకునే ఆ పథకం కింద వెళ్లినవాళ్లకి నెల వరకూ గది, భోజనం దొరికాయి. మీ ఏడాది ఏమిస్తారో, దారిఖర్చు ఎంత భరిస్తారో ప్రకటనలో చూసుకోండి. వీసా రుసుము మీ చేతిదే అనుకుని లెక్కవేసుకోండి. ఎంపికైతే, ఏ వీసా మీద రమ్మంటున్నారో, చేతి ఖర్చుకిచ్చే డబ్బు దాని కింద తీసుకోవచ్చో లేదో ఆహ్వాన పత్రంలోనే రాసిమ్మని అడగండి. మీరు ప్రభుత్వ టీచరు కాబట్టి విదేశం వెళ్లడానికి శాఖ అనుమతి ముందే కావాలి. ఆ ఫైలు ఎన్ని బల్లలు దాటాలో మీకు చెప్పక్కర్లేదు. ఎంపిక ఉత్తరం వచ్చిన రోజే పెట్టేయండి. గడువు అక్కడి సాయంత్రం 5 గంటలంటే మనకి ఎండాకాలంలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. రెండు రోజుల ముందే పంపేయండి. చలికాలం నెల ఇస్తే కంగారుపడకండి, డిసెంబరులో అక్కడ నాలుక్కే చీకటి పడిపోతుంది, రాసుకునేవాళ్లకి అదీ మంచిదే.

ప్రశ్న: పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. మ్యూనిక్‌లోని అంతర్జాతీయ బాలల గ్రంథాలయానికి బొమ్మలు వేసుకోవడానికి వెళ్లొచ్చా?
– ఒక చిత్రకారుడు, వరంగల్

జవాబు: బాబూ, అది చక్కని చోటు. జర్మన్ రచయిత్రి యెల్లా లెప్మన్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1949లో స్థాపించారు. 1983 నుంచి బ్లూటెన్‌బుర్గ్ కోటలో ఉంది. 240కి పైగా భాషల పిల్లల పుస్తకాలున్నాయి. కానీ వాళ్లిచ్చే ఫెలోషిప్ బాలసాహిత్యం మీద పరిశోధనకి. అక్కడ కూర్చుని బొమ్మలు వేసుకుంటానంటే కుదరకపోవచ్చు. పాత తెలుగు బాలల పత్రికల బొమ్మల్ని, అదే కాలంలో వేరే భాషల్లో వచ్చినవాటితో పోల్చి చూస్తానంటే అది వేరే సంగతి. అలాంటి ఆలోచన ఉంటే ఒక పేజీ రాసి, మీ బొమ్మలు నాలుగు జతచేసి నాకు పంపండి. చూసి చెబుతాను.