పేపర్లు, సైటేషన్లు, గ్రీన్‌కార్డు: ఒక మాలిక్యులర్ బయాలజిస్టు సందేహం

సందేహం: మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ ముగించి, ఆరు నెలల క్రితం పోస్ట్‌డాక్‌గా అమెరికా వచ్చాను. నావి ఏడు పేపర్లు, 140 సైటేషన్లు (ఇతర పేపర్లు నా పేపర్లను ఉదహరించిన సందర్భాలు). సొంతంగా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోవడానికి ఇవి చాలుతాయా? అడిగినవారల్లా తలా ఒక అంకె చెబుతున్నారు.

జవాబు: ఇన్ని సైటేషన్లు ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. అందువల్లే ఆ అంకెలు అన్ని రకాలుగా వినిపిస్తున్నాయి. అసాధారణ ప్రతిభ ఉన్నవారికిచ్చే ఈబీ-1ఏ కోటా కోరేవారు పది ప్రమాణాల్లో కనీసం మూడింటికి ఆధారాలు చూపాలి; ఆ తరువాత అధికారి మొత్తం ఆధారాలను కలిపి తూచి చూస్తారు. దేశ ప్రయోజనం దృష్ట్యా, ఉద్యోగమిచ్చే సంస్థ స్పాన్సరు చేయాలన్న షరతును మాఫీ చేసే నేషనల్ ఇంట్రెస్ట్ వేవర్‌ను 2016 నాటి ధనసర్ తీర్పు ప్రకారం పరిశీలిస్తారు. మీరు చేయబోయే పనికి జాతీయ ప్రాముఖ్యం ఉందా, దానిని ముందుకు తీసుకుపోగల స్థితిలో మీరున్నారా అన్నవి అందులో ముఖ్యమైన ప్రశ్నలు. ఈ రెండో ప్రశ్నకు సైటేషన్లు సాక్ష్యం మాత్రమే. న్యాయపరమైన సంగతులు మీ లాయరుతో మాట్లాడుకోండి. సాక్ష్యం ఎలా కూర్చుకోవాలో నేను చెబుతాను.

మీ ఏడు పేపర్లలో ఎన్నింటికి మీరు మొదటి రచయిత, ఇతరుల పనిని సమీక్షించే రివ్యూ పేపర్లు ఎన్ని, 140లో మీ ల్యాబు తన పేపర్లను తానే ఉదహరించుకున్నవి ఎన్ని అన్నది మీరు రాయలేదు. మన రంగంలో ప్రయోగాలు స్వయంగా చేసినవారి పేరు ముందు, ల్యాబు అధిపతి పేరు చివర ఉండడం ఆనవాయితీ కనుక, మధ్యలో ఎనిమిదో పేరుగా వచ్చిన వంద సైటేషన్ల కంటే మొదటి పేరుగా వచ్చిన ముప్ఫై ఎక్కువ మాట్లాడతాయి. హెచ్-ఇండెక్స్ గురించి అప్పుడే బెంగపడవద్దు. అది ఐదు అంటే, కనీసం ఐదేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు ఐదు ఉన్నాయని అర్థం. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన ఆ కొలత మొత్తం పేపర్ల సంఖ్యను ఎన్నడూ దాటలేదు. ఏడు పేపర్లున్నవారికి అది ఏడుకు మించి ఎలా వస్తుంది? పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మీ పేపరు ఘనతగా చూపకండి; అది ఆ పత్రికలోని పేపర్లకు వచ్చే సైటేషన్ల సగటు మాత్రమే. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వారి ఐసైట్ అనే వెబ్‌సైటులో దొరికే రిలేటివ్ సైటేషన్ రేషియో మీకు ఎక్కువ పనికొస్తుంది. అది మీ పేపరును అదే రంగంలోని పేపర్లతో పోలుస్తుంది కనుక, పేపరు కొత్తదన్న నష్టం కొంత తగ్గుతుంది.

ఎందుకు ఉదహరించారన్నది కూడా చూడాలి. ప్రొటీన్ కొలిచే పద్ధతిపై జీవరసాయన శాస్త్రవేత్త లోరీ బృందం 1951లో ప్రచురించిన పేపరుకు 3 లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నా, అది తన గొప్ప పరిశోధన కాదని లోరీయే ఒప్పుకున్నాడు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతిని కూడా దశాబ్దాల పాటు ల్యాబులు వాడుకున్నాయి. ఇద్దరివీ పద్ధతులే. మీరు తయారుచేసిన ప్లాస్మిడ్లను (జన్యువులను మోసే డీఎన్ఏ వలయాలను) వాటిని ల్యాబులకు పంచే యాడ్‌జీన్ సంస్థలో, సీక్వెన్సింగ్ డేటాను జియో అనే బహిరంగ డేటా భాండాగారంలో ఉంచితే, మీ ముఖం చూడని ల్యాబులు వాటిని వాడి మీ పేపరును ఉదహరిస్తాయి. ఉపోద్ఘాతంలో నలుగురితో పాటు కలిపి చెప్పిన సైటేషన్ కంటే, పద్ధతుల విభాగంలో మీ ప్రోటోకాల్ ప్రకారం చేశామని రాసిన ఒక్క వాక్యానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. అటువంటి వాక్యాలను ఇప్పటినుంచే ఒక ఫైలులో చేర్చుకోండి. సిఫార్సు ఉత్తరాలు కూడా మీ గురువుల కంటే, మీ పనిని వాడుకున్న అపరిచితుల నుంచి వస్తే బరువు ఎక్కువ.

ఇక, మనవాళ్లలో చాలామంది నిర్లక్ష్యం చేసే సంగతి పేరు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల నా మొదటి పేపరులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోయింది, రెండోదానిలో అదే చివరి పేరైంది, మూడోదానికి పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తిగా అచ్చయింది. వైద్య, జీవశాస్త్ర పేపర్ల సూచిక అయిన పబ్‌మెడ్ దృష్టిలో నేను ముగ్గురు మనుషులను. దరఖాస్తు వేళ ఆ ముగ్గురూ ఒక్కరేనని నిరూపించే కాగితాల కోసం రెండు నెలలు తిరిగాను. మీరు ఒకే రూపం ఎంచుకుని, పరిశోధకులను గుర్తించే పదహారు అంకెల ఆర్కిడ్ (ORCID) సంఖ్య ఉచితంగా తీసుకుని, పాత పేపర్లన్నీ దానికి జోడించండి. గూగుల్ స్కాలర్ మీ పేరే ఉన్న మరొకరి పేపర్లను మీ ఖాతాలో వేస్తే వెంటనే తొలగించండి. లేనిపోని సైటేషన్లు ఖాతాలో ఉంటే అధికారి అసలైనవాటినీ అనుమానిస్తారు. అంతా సరిచేశాక మొదటి రచయితగా ఉన్న పేపర్ల వివరాలతో మళ్లీ రాయండి. అప్పుడు 140 గురించి మాట్లాడుకుందాం.